ఆంధ్ర క్రైస్తవ కీర్తన: సంప్రదాయ మేది? నవ్యత యేది?

విశాఖపట్టణమున ద్వారకానగర్ మొదలగు పేటల మీదుగా ఆదివారపు ప్రొద్దున నడచిపోవువారికి క్రైస్తవ గానము రెండు విధములుగా వినబడుచుండును. ఒకచోట హార్మోనియము, తబలాల తోడ పల్లవియు చరణములును గల ప్రాతకీర్తన. మరియొకచోట విద్యుద్వాద్యముల ఘోష నడుమ చలనచిత్రగీతపు నడక గల క్రొత్తపాట. మొదటిదానిని పాడువారు రెండవదానిని సంప్రదాయభ్రష్ట మందురు. రెండవదానిని పాడువారు మొదటిదానిని ప్రాణములేని ఆచార మందురు. ఈ వివాదము పాటతో నాగునది కాదు. ఆరాధనక్రమము, బోధకుల అధికారము, స్త్రీల హక్కులు, కులభేదము, సువార్త ప్రకటనము, వీనిలో దేనిని ముట్టినను ఇదే ప్రశ్న పైకి వచ్చును: సంఘము పూర్వుల మార్గమును కాపాడుకొనవలెనా, లేక దానిని విడిచి క్రొత్త యుత్సాహముతో లోకములోనికి పోవలెనా?

ఈ ప్రశ్నను వేదాంతులకు విడిచి, నేను వాఙ్మయ దృష్టితో పరిశీలింప నెంచితిని. ఒక సమాజము దేనిని సంప్రదాయముగా నెంచుచున్నదో దాని పాటలును పద్యములును తెలిపినంత స్పష్టముగా దాని సభల తీర్మానములు తెలుపవు. క్రైస్తవులు కాని చదువరులకును ఇది పరాయి విషయము గాదు. 1881లో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిన నాటినుండి మన యిండ్లలో సాగుచున్న వాదమే వేరొక ముంగిట సాగుచున్నది.

మొదట చరిత్రను కొంచెము స్మరింపవలెను. లండను మిషనరీ సంఘమువారగు జార్జి క్రాను, అగస్టసు డి గ్రాంజి యనువారు 1805లో విశాఖపట్టణము చేరిరి. క్రాను 1809లోను, డి గ్రాంజి 1810లోను ఇచ్చటి యెండలకును జ్వరములకును బలియైన వారే. ఆ స్వల్పకాలముననే వారు తెలుగు నేర్చి సువార్తల యనువాదమునకు పూనుకొనిరి. ఆ పనిలో వారికి కన్నును నోరును అయినవాడు ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురమున తెలుగున అచ్చయ్యెను. పిదప వచ్చిన ప్రిచెట్టుగారి క్రొత్తనిబంధనము 1818లో చెన్నపట్టణమున వెలువడెను. 1840లో విశాఖకు వచ్చిన జాన్ హేగారు ఆ తెలుగు బైబిలును పరిష్కరించుటలో జీవితము వెచ్చించిరి. అంతకు పూర్వమే 1746–47 ప్రాంతమున జర్మనీ దేశపు హాలే నగరమున షుల్జుగారి తెలుగు పుస్తకములు అచ్చయి యుండెను. వానిలో నొకదాని పేరు ‘మోక్షానికి కొంచుపొయ్యే దోవ’. ఆ పేరును చూచినచో గ్రంథకర్త పండితుని గుమ్మము విడిచి వీథిలోని మనుష్యుని చెవి కొఱకు వెదకెనని తెలియును.

ఇందు గమనింపదగిన సంగతి యొకటి కలదు. నేడు మనము ‘ప్రాత బైబిలు తెనుగు’ అని గౌరవించునది ఒకనాడు సాహసోపేతమైన క్రొత్త ప్రయత్నము. పాపము, కృప, రక్షణ, స్తోత్రము, ఆత్మ యను మాటలను అనువాదకులు సృష్టింపలేదు. మన పురాణములలోను భజనలలోను తత్త్వములలోను నలిగిన మాటలను తీసికొని, వానికి నూతనార్థము నొసంగిరి. తెలుగున సరియైన మాట దొరకనిచోట బాప్తిస్మమువంటి గ్రీకు మాటను అట్లే నిలిపిరి. అనగా, మొదటి అనువాదము పుట్టిననాడే సంప్రదాయమును నవ్యతయు ఒకే వాక్యమున కలసి కూర్చుండెను. ఈ రెంటిని బద్ధవైరులుగా నెంచుట తరువాతి తరములు చేసిన పని.

ఇక పద్యమునకు వత్తము. క్రైస్తవ విషయమును తెలుగు కవిత్వమునకు తెచ్చుటకు మిషనరీలు దారిచూపవలసిన పని లేకపోయెను. పదునెనిమిదవ శతాబ్దముననే మంగళగిరి ఆనందకవి ‘వేదాంతరసాయనము’ అను కావ్యమున క్రీస్తు చరిత్రను రచించెను. అది మన కావ్యమర్యాదను పాటించిన రచన. వృత్తములు, వర్ణనలు, పండితరంజకమైన శైలి, అన్నియు నందు గలవు. అయినను అది నేడు వాఙ్మయచరిత్రకారుల నోటనే వినబడును. సంఘము నోట వినబడదు. కారణము స్పష్టము. ఆ రూపమును అనుభవించుటకు వ్యాకరణచ్ఛందములు తెలియవలెను. అక్షరములే అందని కూలివానికి ఆ సంప్రదాయ మెంత ఘనమైనను మూసిన తలుపు వంటిదే.

ఆ తలుపు తెరచినవాడు పురుషోత్తమ చౌదరి. 1803లో గంజాము ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొంది, 1890 వరకు జీవించిన యీ మహనీయుని కీర్తనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను సంపుటమునకు వెన్నెముక. ఆయన చేసిన పని పైకి మిక్కిలి సామాన్యముగా దోచును. రామదాసును త్యాగయ్యయు నడచిన కీర్తనమార్గమును ఆయన చేపట్టెను. ఆ సంపుటమున కీర్తనల పైని రాగతాళముల పేర్లు నేటికిని ముద్రితమై యుండును. శంకరాభరణము, ఆదితాళము అని చదివినవెంటనే, ఆ పాటను ఎన్నడును విననివానికి సైతము ఇది మన యింటి వస్తువని తెలిసిపోవును.

చౌదరిగారి కీర్తనకు గల బలమును విమర్శకులు రాగమునందే చూచి యాగిపోవుట పరిపాటి. నాకు ముఖ్యముగా గనబడునది పల్లవి. పల్లవి మాటిమాటికి తిరిగి వచ్చును. ఒకడు చరణము చదువును. సభ పల్లవి నందుకొనును. చదువురాని ముసలమ్మ మూడవ ఆవృత్తికి పల్లవిని కంఠస్థము చేసికొనును, పదవ వారమునకు చరణములను సైతము చేసికొనును. పుస్తకము చేతలేని సంఘము ఈ విధమున పుస్తకమునకు యజమాని యయ్యెను. పాఠశాల చేయవలసిన పనిని పాట చేసినది. చౌదరిగారు దేశీయ రూపమును అలంకారార్థము గ్రహింపలేదు. ఆ రూపము పదిమందికి నోరిచ్చును గనుక గ్రహించిరి. ‘కులాచార పరీక్ష’ వ్రాసిన కలమే యీ కీర్తనలను వ్రాసినదను సంగతి మరువరాదు. కులాచారమును పరీక్షకు నిలిపినవాడు కీర్తనమార్గమును పరీక్షించి నిలుపుకొనెను. ఒక్క మనుష్యుడే తన పూర్వుల సొత్తులో నొకదానిని త్రోసివేసి, మరియొకదానిని తలకెత్తుకొనెను. సంప్రదాయమును మూటగట్టి మొత్తముగా స్వీకరించుటయు, మొత్తముగా గంగలో గలుపుటయు ఆయనకు సమ్మతము కాలేదు.

ఇదే సంపుటమునందు వేరొక జాతి పాటలును గలవు. అవి ఇంగ్లీషు పాటల కనువాదములు, ఇంగ్లీషు బాణీలలో నుండునవి. వీనిలో భక్తి లేదని యెవ్వరు ననలేరు. కాని విమర్శకుడు చెవిని దాచుకొనరాదు. తెలుగున గురులఘువుల భేదము ప్రాణమువంటిది. పరాయి బాణీ నూనిక పడినచోట మనకు లఘువు వచ్చినయెడల దానిని సాగదీయవలెను. దీర్ఘమును అణచి మ్రింగవలెను. అప్పుడు మాట పాటకు బానిసయై అర్థము చెడును. విచిత్రమేమనగా, నేడు సంప్రదాయ పరిరక్షకులు పోరాడుచున్నది అనేకచోట్ల ఈ పాటల కొఱకే. తాతగారు పాడెను గావున ఇది మన సంప్రదాయ మందురు. తాతగారు దానిని తెల్లదొర నేర్పగా పాడెనని జ్ఞాపకము చేసికొనరు.

పాటతో పాటు మిషను బంగళా మరికొన్ని యాచారములను సైతము విడిచిపోయినది. బోధకుని ‘అయ్యగారు’ అని పిలుచుట, ఆయన ముందర కూర్చుండ సంకోచించుట, లెక్క లడుగుట అపచారమని తలచుట, ఇవి సువార్తలలో నెచ్చట గలవు? దొరతనమునకు కొంత, మన గ్రామ పెత్తనమునకు కొంత పుట్టిన బిడ్డలివి. వయస్సు నూరేండ్లు దాటినది గనుక వీనికి పవిత్రత అబ్బినది. ప్రాతబడుట వేరు, పూజ్యమగుట వేరు.

క్రొత్తపాటల వారికి న్యాయము చేయుదము. వారి ఆరోపణ నిరాధారము కాదు. వారు యువజనులను పిలుచుచున్నారు. మందిరములో నోరు మూసికొని కూర్చుండిన పిల్లలు వారి సభలో చేతులెత్తి పాడుచున్నారు. సువార్త వీథిలోనికి పోవలెనన్న వీథి వినెడి రాగమున పోవలెనని వారి వాదము. షుల్జుగారి ‘దోవ’ యందును ఇదే వాదము గలదు. కాని వారి పాటలను వరుసగా పది చదివి చూచినచో ఒక లోపము గోచరించును. స్తుతి, ఆరాధన, ఆశీర్వాదము, విజయము అను నాలుగైదు మాటలు తిరుగుడుపడుచుండును. ‘మేము’ అను మాట సన్నగిల్లి ‘నేను’ పెరిగినది. చౌదరిగారి తరపు కీర్తనలో పశ్చాత్తాపమునకు, మరణభీతికి, పొరుగువాని దుఃఖమునకు, కథాకథనమునకు చోటుండెను. ఇంకొక లోపము: వేదికమీది గాయకుని కంఠము యంత్రసహాయమున మిన్నుముట్టుచుండ, క్రిందనున్న సభ కంఠము తనకే వినబడకుండ పోవుచున్నది. పల్లవి యిచ్చిన నోటిని ధ్వనివర్ధకము తిరిగి తీసికొనినది. ఇది క్రొత్తదగుటచేత దోషము గాదు; ప్రజల సొత్తును కొందరి చేతికిచ్చుటచేత దోషము.

ఇంతవరకు పాట విషయము. వాద్యము విషయము దీనికంటె లోతైనది. దానికి ఒంగోలు ప్రాంతమునకు పోవలెను. అమెరికా బాప్టిస్టు బోధకుడగు జాన్ క్లౌగారు 1866లో ఒంగోలు చేరిన కొలదికాలమునకే ఆయన యెదుట కఠినమైన యెంపిక నిలిచెను. అగ్రకులములవారు కొందరు సువార్త వినవచ్చుచుండిరి. ఎర్రగుంట్ల పేరయ్య మొదలగు మాదిగలును వచ్చిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము రామని మొదటివారు స్పష్టముగా జెప్పిరి. క్లౌగారు మాదిగలను చేర్చుకొనిరి, మొదటివారు పోయిరి. 1876–78 నాటి ఘోర కరవులో ఆయన బకింగుహాము కాలువ త్రవ్వకమున వేలాది బీదలకు కూలి కల్పించిరి. ఆ కాలమున బాప్తిస్మములు నిలిపివేసి, అనంతరము 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యొడ్డున ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మ మొసంగిరి.

ఈ సంఖ్యనే అందరు చెప్పుకొందురు. నాకు దానికంటె ముఖ్యముగా దోచునవి రెండు. మొదటిది, క్లౌగారు మాదిగపల్లెల పెద్దరికపు కట్టుబాట్లను చెరుపక, ఆ పెద్దల ద్వారముననే సంఘమును నిర్మించుట. ఇది ప్రాతదానిని నిలుపుట. రెండవది, ఆదివారమున పని మానవలెను, చచ్చిన పశుమాంసము మానవలెను, విగ్రహపూజ మానవలెను అను మూడు నియమములు. ఇది ప్రాతదానిని త్రెంచుట. మూడవ నియమము వలన క్రైస్తవులైన మాదిగలు గ్రామదేవత జాతరలలో డప్పు కొట్టుటకు నిరాకరించిరి. గ్రామాధికారులు వారిని హింసించిరి; బావులు మూయించిరి, పనులు మాన్పించిరి. అయినను వారు డప్పు ముట్టలేదు.

ఇచ్చటనే నేటి విమర్శకులు తొందరపడుదురు. “మిషనరీలు మన డప్పును మందిరమునుండి వెడలగొట్టి హార్మోనియమును తెచ్చిరి, దేశీయ సంస్కృతిని నాశనము చేసిరి” అందురు. కాని ఆనాడు డప్పు ఎవరి సంస్కృతి? కొట్టువాడు కొట్టనని చెప్పుటకు వీలులేని డప్పది. కొట్టినందుకు కూలి యడుగరాదు. కొట్టకున్న దెబ్బలు తప్పవు. అట్టి వెట్టిని వదలుటలో ఆ మాదిగ పొందిన స్వాతంత్ర్యమును సంస్కృతీనాశన మనుట, వెట్టి చేయించుకొనినవాని పక్షమున మాటాడుటయే యగును. మరి నేడో? 1994లో నాటి ప్రకాశము జిల్లాలోని ఈదుముడి గ్రామమున, అనగా ఆ ఒంగోలు సీమయందే, మాదిగ దండోరా ఉద్యమము పుట్టి, ఆ డప్పునే ఆత్మగౌరవ చిహ్నముగా చేతబట్టినది. నిర్బంధము పోయినది, డప్పు మిగిలినది. ఇప్పుడు దానిని మందిరములోనికి రానీయక “ఇది మన సంప్రదాయము కాదు” అను సంఘపు పెద్ద, తన తాతలు డప్పును ఎందులకు విడిచిరో మరచినవాడు. ఒకే వాద్యమును నాడు విడుచుటయు ధర్మమే. నేడు పట్టుటయు ధర్మమే. కొట్టువాని యిష్టము మారినది గావున ధర్మము మారినది.

ఈ విధముగా ప్రాతరూపమును స్వాధీనము చేసికొని దానిచేత క్రొత్తమాట పలికించుటకు మన వాఙ్మయమున జాషువగారిని మించిన నిదర్శనము లేదు. మేఘసందేశము యక్షుని విరహమునకు పుట్టిన రూపము. 1941 నాటి ‘గబ్బిలము’లో జాషువగారు ఆ రూపమునే చేపట్టి, మేఘమునకు బదులు గబ్బిలమును దూతగా జేసి, అస్పృశ్యుని మొరను కాశీలోని శివుని చెంతకు బంపిరి. గుడిలోనికి మనుష్యుడు పోరాదు, గబ్బిలము పోవచ్చును. ఈ యొక్క కల్పనలో సంప్రదాయముపై నున్న అధికారమును, దానిపై నున్న ఆగ్రహమును సమానముగా నున్నవి. పిదప ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. ఆనందకవి కాలమున పండితుల సొత్తుగా నున్న క్రీస్తుకావ్యము ఇరువదవ శతాబ్దమున అంటరానివాడని త్రోయబడినవాని కలమున సర్వాంధ్రుల సొత్తయ్యెను.

సంఘవ్యవస్థలోను ఇట్టి సమన్వయమునకు దృష్టాంతములు లేకపోలేదు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమున భారతీయులలో తొలి బిషప్పైన అజరయ్యగారు తెలుగువారు గారు, తిరునెల్వేలి తమిళులు. తెలుగు నేర్చికొని తెలుగు పల్లెలలో జీవించిరి. ఆయన నిర్మింపించి 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ దేవాలయము హిందూ మహమ్మదీయ శిల్పరీతులను కలుపుకొనినది. రోమను సంఘమున, 1846 నుండి విశాఖలో ఫ్రాన్సిసు డి సేల్సు సభవారు పని చేయుచున్నను, పూజావిధి లాటిను భాషనే అంటిపెట్టుకొని యుండెను. 1962–65 నాటి రెండవ వాటికను మహాసభ పిదప అది తెలుగైనది. ఎంతటి కోటకైనను లోపలివారు తలచినప్పుడు వాకిలి తెరచుకొనునని దీనివలన దెలియును.

నా దృష్టిలో వీనియన్నిటికంటె అర్థవంతమైనది చిన్న క్రియ యొకటి. 1947 సెప్టెంబరు 27వ తేదీని చెన్నపట్టణమున దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. 1950లో అది సిద్ధపరచిన ప్రభురాత్రి భోజన క్రమములో సమాధానమును చేతినుండి చేతికి అందించు విధి యున్నది. బల్లయొద్దనుండి బయలుదేరి, ఒకరి కుడి యరచేతిని మరియొకరి యరచేత నుంచుటచేత, ఆ సమాధానము కడపటి వరుస వరకు పోవును. ఇది క్రొత్తగా కల్పించినది గాదు. కేరళలోని సురియాని క్రైస్తవుల ప్రాచీనాచారమునుండి గ్రహించినది. ఇంగ్లండునుండి వచ్చిన ప్రార్థనపుస్తకమున లేని యీ యాచారము ప్రాచ్యదేశపు ప్రాత పెట్టెలో దొరికెను. తెలుగు పల్లెలో దాని యర్థమేమో ఆలోచింపుడు. నీడ సోకిన మైలయని చెప్పబడిన దేశమున, అరచేయి అరచేతిని ముట్టవలెనని విధి! ప్రాచీనతమమైన సంప్రదాయమే నవీనతమమైన సంస్కారమైనది.

కాని కాగితముపై నున్న విధి యెల్లచోట్ల ఆచరణకు రాదు. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచి జెసూయిటుల కాలమున క్రైస్తవులైన రెడ్డి కమ్మ కుటుంబములు తమ కులాచారమును విడువలేదు. బోధకులు విడువుమని పట్టుబట్టలేదు. తరువాతి సంఘములలో మాల మాదిగ భేదము నిలిచిపోయినది. బాప్తిస్మపు నీటిలో మునిగి లేచినవారు పెండ్లి సంబంధములకును సంఘపు ఎన్నికలకును మరల ఆ పాతగుడ్డలనే కట్టుకొనుచున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, క్రైస్తవమున కులము లేదను తర్కముతో, క్రైస్తవులైన దళితులను షెడ్యూల్డు కులముల పట్టికలో చేర్పలేదు. ఈ అన్యాయమును ప్రశ్నించుటకు సంఘమునకు హక్కు గలదు. అయితే తన ముంగిట కులమును దాచుకొని ఆ ప్రశ్న వేయుట యెంతవరకు శోభించును? ప్రాతపాటల పక్షమువారును క్రొత్తపాటల పక్షమువారును బాణీని గూర్చి ఘోరముగా పోరాడుచు, ఈ విషయమున మాత్రము ఒకే మౌనమును పాటించుచున్నారు.

“సంప్రదాయమును ఇట్లు వడగట్టుచు పోయినచో తుదకు మిగులున దేమి?” అని పెద్దలు ప్రశ్నింపవచ్చును. స్త్రీల విషయమున ఇట్టి భయమే ఒకప్పు డుండెను. దక్షిణ ఇండియా సంఘము 1976లో స్త్రీలకు గురుత్వాభిషేకము నిచ్చుటకారంభించెను. 2013లో పుష్పలలితగారు నంద్యాల అధ్యక్షమండలమునకు బిషప్పై, ఆ సంఘమున తొలి మహిళా బిషప్పైరి. సంఘము కూలిపోలేదు. పల్లవిని కంఠస్థము చేసి యింటింట నిలిపిన స్త్రీకి పీఠము మీద చోటిచ్చినంతనే ఆ పల్లవి మారిపోవునా?

కావున సంప్రదాయ నవ్యతలను త్రాసులో చెరిసగము తూచుట వలన ప్రయోజనము లేదు. ప్రాతదియైనను క్రొత్తదియైనను ఒక్క ప్రశ్న నడుగుదము: ఇది నోరులేనివానికి నోరిచ్చుచున్నదా, ఉన్న నోటిని మూయుచున్నదా? చౌదరిగారి పల్లవి యీ ప్రశ్నకు నిలుచును. జాషువగారి గబ్బిలము నిలుచును. చేతి సమాధానము నిలుచును. విడిచిన డప్పును నిలుచును, తిరిగిపట్టిన డప్పును నిలుచును. బోధకుని నిరంకుశాధికారము నిలువదు. సభ కంఠమును మ్రింగెడి ధ్వనివర్ధకము నిలువదు. కులము అసలే నిలువదు.

సువార్త ప్రకటనమునకు బయలుదేరువారు ముందుగా చూడవలసినది తమ మందిరపు కడపటి వరుసను. అచ్చట కూర్చున్న వాని కంఠము పాటలో వినబడుచున్నదా, అతని అరచేతిని ముందువరుసవాని అరచేయి తాకుచున్నదా యని విచారింపవలెను. తాకుచున్నచో ఆ సంఘము ఏ రాగమున పాడినను సంప్రదాయమున నిలిచినదే, ముందుకు నడచుచున్నదే.